సున్నా సున్నా ఒకటి

పెరంబూరు మేడ మీద, దండెం పక్కనే రాగితీగ.
కింద వాటాలో తాయారమ్మగారు మిక్సీ వేస్తే
నలభై మీటర్ల బ్యాండంతా పచ్చడే.

పోటీ ముగియడానికింకా పది నిమిషాలు.
లాగ్‌బుక్‌లో నూట నలభై ఆరుగురు,
ఒక్కరి ముఖమూ తెలీదు.
"ఐదు తొమ్మిది, నూట నలభై ఏడు..."
గొంతు బొంగురుపోయింది.

గరగరల అడుగునుంచి ఎవరో కుర్రాడు:
"ఐదు తొమ్మిది... సున్నా సున్నా ఒకటి."

ఒకటా!
పొద్దుటినుంచీ పిలుస్తున్నాడేమో,
అందరం వాడి మీదుగానే అరుచుకుంటున్నాం.
ఐదు తొమ్మిదని నేనూ అబద్ధమే ఆడాను,
వినబడింది మూడో వంతు.

కబుర్లాడితే పాయింట్లు పోతాయి.
పోనీ.
"పేరెన్న తంబీ?"

"ఇళం..." అన్నాడు.
కింద మిక్సీ.

నూట నలభై ఏడో గీత మీద
ఆ రెండక్షరాలే రాసుకుని
ఆరయ్యేదాకా నాబ్ తిప్పలేదు.