చెక్కుబందీ

దీనికి రోజూ పొద్దున్నే
సంవత్సరం గుర్తు చేయాలి.
లోపలెక్కడో చొక్కా గుండీ అంత బ్యాటరీ చచ్చిపోయి
మూత తెరిచినప్పుడల్లా
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి అంటుంది,
నిద్రలో లేపితే ఊరి పేరు తప్పు చెప్పే మనిషిలా.
నేను తేదీ దిద్దుతాను.
అది మారు మాట్లాడదు.
ఫ్యాను ఒకసారి గొంతు సవరించుకుని
పనిలోకి దిగుతుంది.

తంబు చెట్టి వీధి, రెండో అంతస్తు, మెట్ల పక్క గది.
నెల్లూరు వైపు భూములున్నవాళ్ళు
తాతలనాటి దస్తావేజులు పట్టుకొస్తారు,
మడతల దగ్గర చిరిగినవి,
చెదలు చదివినంత చదివి వదిలేసినవి.
తెలుగు నకలు ఒకటి, ఇంగ్లీషు అనువాదం ఒకటి.
పేజీకి ఇంత.

రిచీ స్ట్రీట్‌లో పాతదిగానే కొన్నాను దీన్ని,
పదకొండు వేలు, మూడు వాయిదాలు.

మొదట అరిగింది పొల్లు మీట.
తనకంటూ శబ్దం లేనిది,
రెండు హల్లుల్ని కలిపి పక్కకు తప్పుకునేది.
హక్కులో, అమ్మకంలో, విక్రయపత్రంలో
ఎన్ని వేలసార్లు నొక్కానో,
అక్కడిప్పుడు గుర్తు లేదు, చిన్న గుంట ఉంది,
చూడకుండానే వేలు దిగే గుంట.
హ సగం చెరిగింది.
దాని నెత్తినున్న ఙ మాత్రం కొత్తగానే ఉంది;
ఇన్నేళ్ళలో దానితో ఎవరికీ పని పడలేదు.

పెద్ద బ్యాటరీ పోయి ఏడేళ్ళు.
కరెంటు పోతే ఇదీ పోతుంది, చెప్పకుండా.
అందుకే వాక్యానికోసారి భద్రం చేసే అలవాటు
ఎడమ చేతికి అంటుకుంది,
చిటికెన వేలికి, ఉంగరపు వేలికి.
మొన్న స్టాన్లీ ఆసుపత్రిలో
"ఆపరేషన్ అక్కర్లేదు, మాత్రలతో సరిపోతుంది" అని
డాక్టరమ్మ మా ఆయనతో అంటున్నప్పుడు
మంచం దుప్పటి అంచు మీద
ఆ రెండు వేళ్ళూ వాటంతటవే నొక్కుకున్నాయి.

వ్యాసర్‌పాడి ఇంట్లోకి నీళ్ళొచ్చిన డిసెంబరులో
బియ్యం డబ్బా వంపేసి దీన్ని నిలువునా దింపి
మూత బిగించి నెత్తిన పెట్టుకుని నడిచాను.
నీళ్ళు నడుము దాకా.
ఎదురొచ్చిన పడవలో కుర్రాడు
బియ్యమే అనుకుని చోటిచ్చాడు.
నెల తర్వాత మెకానిక్ ఇళంగో
మీటల కింద నుంచి ఒక్క గింజ తీసి చూపించి
"సోరు పోట్టీంగళా అమ్మా?" అన్నాడు.
ఆ వారం నేను తిన్నానో లేదో నాకే గుర్తులేదు,
దీనికి పెట్టానట.

"ఇన్నుం రెండు వరుషం ఓడుమ్మా" అంటాడతను.
ఆరేళ్ళుగా అదే మాట.

తమ్ముడి కూతురు విదుల కొత్తది తెచ్చిచ్చింది,
అప్పడమంత పల్చన, అరచేతి మీద నిలబడుతుంది.
తేదీ దానికే తెలుసు.
చెక్కు అని కొట్టేసరికి
చెక్కులు? చెక్కిలి? చెక్కభజన? అని అడిగింది.
బందీ దాకా ఆగలేకపోయింది.
దాని తప్పేం లేదు. చిన్నపిల్ల.
వారం ఉంచుకుని, తుడిచి, తిరిగిచ్చేశాను.

ఒకసారి తేదీ దిద్దడం మరిచాను.
వకీలు వరదన్ కాగితాలు విసిరికొట్టినంత పని చేశాడు:
"ఈ తేదీకి సంతకం చేసినవాడు మూడో క్లాసమ్మా!"
మళ్ళీ కొట్టాం, నేనూ ఇదీ,
ఇరవై రెండు పేజీలు,
డబ్బులు తీసుకోకుండా.

ఈరోజు గిరాకీ లేదు. బయట ముసురు.
ఊరికే ఉండలేక, చేయి తిరిగిన ఫక్కీలో
దీని మీదే దీన్ని రాసుకున్నాను:

తూర్పు: గోడ, దాని మీద నిరుటి క్యాలెండరు.
దక్షిణం: కిటికీ, ఆవల హైకోర్టు ఎర్ర గుమ్మటాలు.
పడమర: కాఫీ గ్లాసు వదిలిన గుండ్రటి మరక.
ఉత్తరం: నేను.
ఈ నాలుగు హద్దుల నడుమ
ఒక మూల పగిలి, మడతబందు దగ్గర నల్లదారం కట్టి
నా స్వాధీనానుభవంలో ఉన్న నా స్వార్జితం.
దీని మీద ఏ అప్పులూ, తాకట్టులూ, తగాదాలూ లేవు.
ఇది నా మనఃపూర్వకంగా రాసుకున్నది.

తేదీ మాత్రం
అది వేసిందే ఉంచాను.