ఐదో చోటు

నాలుగు చోట్లు నాలుగు పూల్స్‌లో గెలిచినవాళ్ళవి.
వాటి గురించి ఎవరూ మాట్లాడరు.
ఐదోది ఉంది చూడు,
ఓడినవాళ్ళలో ఎవరి ఓటమి మెరుగైందో
ముగ్గురు పెద్దమనుషులు తలుపులు వేసుకుని తేల్చేది,
దాని కోసమే ఈ మధ్యాహ్నమంతా.

బ్రాడీపేటలో రత్నమాణిక్యమ్మ టీ బడ్డీ దగ్గర
ఫిజిక్స్ రికార్డు వెనకట్ట మీద
నాగుల్ మీరా లెక్క వేస్తున్నాడు.
బాపట్ల మీద మూడు, సున్నా. చీరాల మీద ఒకటి, సున్నా.
తెనాలితో చెరొకటి.
నరసరావుపేట దగ్గర పెన్ను ఆగింది.
నా మొహం చూడకుండా
సున్నా, ఒకటి అని రాశాడు.

ఆ ఒకటి నాది.
డెబ్భై ఎనిమిదో నిమిషం.
కార్నర్ నుంచి వచ్చిన బంతిని బయటికి తన్నబోయాను.
అది నా మోకాలి మాట వింది, నా మాట వినలేదు.
మన వల ఎంత మెల్లగా కదిలిందో,
ఆరేసిన తువ్వాలు గాలికి కదిలినట్టు.
అవతలివాళ్ళకి కూడా అరవాలని తట్టడానికి
ఒక క్షణం పట్టింది.

ఇవాళ బాపట్లలో ఆట, తెనాలి వాళ్ళతో.
తెనాలి మూడు గోల్స్ తేడాతో గెలిస్తే మేం ఇంటికి.
ఒక్కటే తేడా అయితే మాదే పైచేయి.
రెండయితే?
"రెండయితే అడక్కు" అన్నాడు మీరా.

బాపట్ల గోలీ పేరు ఏసుపాదం.
పోయిన మంగళవారం మూడో గోలు
వాడి కాళ్ళ సందులోంచి పోయినప్పుడు
వాడికి వినబడేట్టు నేనే అన్నాను,
"గేటు మూసుకో బాబూ" అని.
ఇప్పుడు ఆ గేటు బయట
పదకొండుమందిమి కాపలా కాస్తున్నాం.
ఏ దేవుణ్ణి తలుచుకోవాలో తెలిసిందిగానీ
ఏమని అడగాలో తెలీలేదు.
వాడి చేతులు చల్లగుండాలి, అంతే.

"ఆడేది మీరు కాదుగా, మరి ఆ చెమటలేంటయ్యా?"
అంది రత్నమాణిక్యమ్మ గ్లాసులు తొలుస్తూ.

యార్డు వైపు నుంచి గాలి మళ్ళింది.
దావీదు తుమ్మాడు. ఒక్కటే.
ఇంకోటి తుమ్మరా అని అందరం వాడి మీద పడ్డాం.
మిర్చి సీజన్లో ఈ ఊళ్ళో
తుమ్ముకి శకునమేంట్రా అని వాడు మొత్తుకుంటున్నా
అంకమ్మరావు వాడి ముక్కు కింద
కాగితం పుల్ల తిప్పుతూనే ఉన్నాడు.
రెండోది రాలేదు.

ఐదింటికి ఫోను.
తెనాలి మూడు, బాపట్ల ఒకటి.

రెండు తేడా.
ఏడు పాయింట్లు వాళ్ళకీ, ఏడు మాకూ.
కలుపుకుని తీసేసుకుంటే మూడు వాళ్ళకీ, మూడు మాకూ.
"వాళ్ళు కొట్టింది ఎక్కువ" అన్నాడు మీరా.
"మనం తిన్నది తక్కువ" అన్నారు వెంకటప్పయ్య సార్.
తిన్న రెంటిలో ఒకటి ఎవరు పెట్టిందో
ఎవరూ అనలేదు.
అంటే బావుండును.

ఆఖర్లో పెనాల్టీ ఆపాడట ఏసుపాదం.
చిటికెన వేలు వంకర పోయిందట.
నంబరు సంపాదించాను.
బాబూ అని మొదలుపెట్టి చెరిపేశాను.
ఏసుపాదం గారూ అని రాసి
అదీ చెరిపేశాను.

చీకటి పడింది. కమిటీ ఇంకా లేవలేదు.
ఒకరు మనవైపట, ఒకరు తెనాలి వైపట,
మూడో ఆయన టిఫిను కోసం చూస్తున్నాడట.
ఎవరు చెప్పారో తెలీదు, అందరూ నమ్మారు.

గ్రౌండులో ఖాసిం పీరా వచ్చి
"గీతలు గియ్యాలా, వొద్దా?" అని అడిగాడు.
మనం లేకపోతే ఎల్లుండి నుంచి
ఎగ్జిబిషన్ వాళ్ళు గుంజలు పాతుకుంటారు.
సున్నం అర బస్తా ఉంది.
సార్ ఫోను వంక చూసి, ఆకాశం వంక చూసి
"ఒక సగం గియ్యి" అన్నారు.

ఆ రోజు నా మోకాలికి బంతి తగిలిన వైపే
మొదలుపెట్టాడతను.
లైటు స్తంభం వెలుతురు అక్కడిదాకానే వస్తుంది.
నేను గోలు ముందు ఊరికే నిలబడ్డాను.
డబ్బా బండి కీచుమంటూ
తెల్లగా నా వైపే వచ్చి ఆగింది.

"కాలు తియ్యి" అన్నాడు ఖాసిం పీరా,
"గీత ఇక్కణ్ణుంచే పోవాల."