కట్టుమాను

విశాఖలో ఓడ దిగి, రైలెక్కి
అండమాన్ నుంచి నేను తెచ్చింది ఒక పాత తెరచాప.
ముప్పై కిలోల మూట.
మీద నీలం అంకెలు, మూడు ఒకటి ఎనిమిది.
సోంపేట స్టేషను బయట ఆటోవాడు
మూటని, నన్ను, మళ్ళీ మూటని చూసి
"శవం కాదు కదన్నా?" అన్నాడు.

బారువలో మా నూకాలత్త గుడ్డ నలిపి చూసింది.
"సొక్కా కుడితే ఒళ్ళు గీరుకుంటాది.
ఇదేటి సంపాదనరా, కొర్లయ్యా?"

ఆ చాప పెస్తన్ గారిది.
ముప్పై ఏళ్ళు ఓడల ఇంజన్లతో పోట్లాడి
చివరికి గాలి చాలనుకున్న పార్సీ ముసలాయన.
రెండు పొట్టల తెల్ల పడవ ఆయనది.
ఎనిమిది నెలలు దాన్ని ఒడ్డుకెక్కించి గీకాం,
గుల్లలు, పాత రంగు, దాని కింద ఇంకా పాత రంగు.
తుమ్మితే ఫైబరు పొడి పడేది.
కొత్త చాపలు వచ్చిన రోజు
పాతదాన్ని కాలితో నా వైపు జరిపి
"తీసుకో, నీ ఊరు చూపించు దీనికి" అన్నాడు.

దాన్ని వాళ్ళు కాటమరాన్ అంటారు.
అరవంలో కట్టుమరం, మన నోట కట్టుమాను.
దేశాలు తిరిగి, ఇంగ్లీషు నేర్చి,
కడుపులో ఫ్రిజ్జు పెట్టుకుని వచ్చిన
మా తెప్పే అది.

నీల్, హేవ్‌లాక్, పేరు లేని ఇసక దిబ్బలు.
లంగరు వేస్తే అడుగున అది పడుకున్న తీరు కనిపించేది.
బారెన్ దీవి పొగ చూసినప్పుడు
అడ్డపొగ తాగే మా అత్త గుర్తొచ్చింది,
నిప్పు నోట్లో, మాట బయట.
రాత్రుళ్ళు రెండు పొట్టల మధ్య బిగించిన వలమీద
బోర్లా పడుకునేవాణ్ణి. కింద నీళ్ళు మెరుస్తూ పోయేవి.
చేపలకి కాదు ఆ వల,
మనుషులు జారిపోకుండా.
పదకొండు రోజులు సముద్రం మీద తిరిగి
కాలు తడవలేదంటే
మా వాడలో ఒక్కరూ నమ్మలేదు.

మామ దానయ్య తెప్ప తిత్లీ నాటి నుంచి
కూలిన కొబ్బరి మొద్దుల పక్కన మరో మొద్దు.
ఊరంతా మోటారు బోట్లు,
డీజిలు ధరకి పొద్దున్నే ఒక తిట్టు.
ఐదు దుంగల్లో రెంటికి చెద.
మందస నుంచి కొండవేప తెచ్చి
బాడిసతో చెక్కి ఎండబెట్టాం.
కట్టేటప్పుడు మామ మాట్లాడడు.
నానిన కొబ్బరితాడు, దుంగకి తన్నిపెట్టిన మోకాలు,
మెడ మీద నరం ఇంకో తాడు.
మేకులు వేద్దామా అన్నాను.
పొద్దు వాలాక జవాబిచ్చాడు:
"మేకు కొట్టినోడితో అల దెబ్బలాడతాది.
కట్టినోడి సందులోంచి ఎలిపోద్ది."

చాప కత్తిరించడం నా వంతు.
మూడు పోయి పద్దెనిమిది మిగిలింది.
పిల్లలు మా తెప్పకి
పద్దెనిమిదో నంబరు బస్సని పేరు పెట్టారు,
"టికెట్టు టికెట్టు" అని అలల దాకా వెంటపడ్డారు.

తెల్లారకముందే కొండగాలి ఎత్తుకుంది.
తాబేళ్ళు గుడ్లు పెట్టి పోయిన దారి తొక్కి
తెప్ప దించాం. మొదటి అలకే నడుం దాకా తడిశాను.
చాప ఒక్కసారి పటపటలాడి
పాత అలవాటు గుర్తొచ్చినట్టు నిండింది.

చాలా దూరం పోయాక మామ అడిగాడు,
"దీవులు ఎలగుంటాయిరా?"

ఏం చెప్పాలో వెతుక్కుంటూ వెనక్కి తిరిగాను.
సరుగుళ్ళు లేవు. కొబ్బరితోటలు లేవు.
మంచు ఒడ్డునంతా తినేసింది.
మహేంద్రగిరి ఒక్కటే,
కాళ్ళు లేని నీలం కొండ,
చుట్టూ నీళ్ళు.

వేలు చూపించాను.
కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని
మామ చాలాసేపు చూశాడు,
పుట్టినప్పటి నుంచి గురుతు పెట్టుకుని తిరిగొచ్చే కొండని
ఎవరిదో అన్నట్టు.
"అక్కడ మనుషులుంటారేటి?" అన్నాడు.

దుంగల సందులోంచి సముద్రం లేచి
మా నాలుగు పాదాలు తడిపి
దిగిపోయింది.
వల విప్పాం.