కాటా చీటీ మందం

ఆదోని, రాత్రి పదకొండు.
జిన్నింగు మిల్లులో మూడో నంబరు మిషను
గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది.
ఆలూరు దిక్కు నుంచి వచ్చిన పత్తి బండ్లు
గేటు దాటి, రోడ్డు మలుపు దాటి నిలబడినాయి.
మేస్త్రీ వీరేశు టార్చి నా మొగానికి కొట్టి
"తెల్లారేలోపల తిరగల్లప్పా, యేం జేస్తావో" అన్నాడు.

కవరు విప్పినా.
రెండు పెద్ద గేర్ల నడుమ చిన్నది, ఐడ్లరు.
మా షాపులో దాని పేరు సోమరిపోతు.
వేగం పెంచదు, తగ్గించదు,
ఈ చేత్తో తీసుకున్న తిరుగుడు ఆ చేత్తో ఇస్తుంది, అంతే.
అది లేకుంటే మాత్రం
చివరి గేరు ఎదురు తిరుగుతుంది.

దాని ఇరుసు తిరగదు.
మిషను ఒంట్లో దిగ్గొట్టిన గూటం అది.
చుట్టూ తిరగాల్సింది గేరే.
ఇంతకు ముందు రిపేరు చేసినోడెవరో
ఊడి వస్తుందేమోనని భయపడినట్టుండాడు.
నట్టు బిగించి, దాని మీద ఇంకో నట్టు,
అదీ చాలక ఒక వెల్డింగు చుక్క.
లోపల బుష్షు మాడిన రొట్టె.
ఇరుసు నిండా గోళ్లతో గీరిన గాట్లు.
నూనె పోసినారు పాపం, బాగానే పోసినారు,
అది పోయే దోవ యాడుంది?

ఉసేనప్ప గుర్తొచ్చినాడు.
మిల్లులో అగ్గి ముట్టించకూడదు గనక
బీడీ ఊరికే పెదాల మధ్య పెట్టుకొని
బీడీతోనే తిట్టేవాడు:
"పట్టుకోమంటే పిసుకుతావేంరా,
కోడిపిల్లను పట్టుకున్యావా యెప్పుడన్నా?"

సిరుగుప్ప రోడ్డులో షాపు తీసి లేతు మీద కూర్చున్నా.
కొత్త ఇరుసు. లోపలి పక్క ఒక భుజం,
గేరు అంతకు మించి లోనికి పోకుండా.
నడిమధ్యకు సన్నని నూనె బెజ్జం.
బయటి కొసన గాడి,
సర్‌క్లిప్పు కూర్చోనీకి.
గన్‌మెటల్ బుష్షు గేరులోకి దిగేటప్పుడు
చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టినా, మెత్తగా.

మిల్లుకొచ్చి ఇరుసు బిగించినా.
గేరు ఎక్కించినా, వాషరు వేసినా.
ప్లయరుతో క్లిప్పు నోరు తెరిచి గాడి దాకా తెచ్చినా,
జారింది.
టింగ్.
పత్తిగింజల కుప్పలో ఏ మూలనో.
ఇంకొకటి తెచ్చుకోలేదు.
ఇంత బతుకు బతికి ఇంకొకటి తెచ్చుకోలేదు.

వీరేశు, నేను, ఇద్దరు హమాలీలు మోకాళ్ల మీద.
పాత స్పీకరు అయస్కాంతం దారానికి కట్టి
గింజల్లో దువ్వినాం.
మేకులు దొరికినాయి, ఒక గాజు పిన్నీసు,
ఎవరిదో చెవి కమ్మ కూడా, అది ఇత్తడిది, దానంతటదే కనపడింది.
రెండు గంటలకు
గింజలు ఊడ్చే ఉరుకుందమ్మ కొంగు దులుపుకుంటే
నూగు పత్తితో పాటు రాలింది.
"ఇదేనా?" అనింది. "ఇంత తునక కోసమా?
ఏం జేస్తాదిది?"
"ఏం జెయ్యదక్కా, ఊరికే అడ్డం కూర్చుంటాది" అన్నా.
"మా ఇంట్లోనూ ఉండాడొకడు" అనింది.
హమాలీలు పత్తి బోరేల మీద పడి నవ్వినారు.

ఈసారి క్లిప్పు మీద బొటనవేలు కాపలా పెట్టి తోసినా.
టక్కుమని గాడిలో కూర్చుంది.
సందు కొలిచే రేకులు షాపులోనే మరిచినా గదా,
బండోడి కాటా చీటీ అడిగి తీసుకొని
రెండు మడతలు పెట్టి వాషరుకూ గేరుకూ నడుమ దూర్చినా.
బిగుతుగా కాదు, వదులుగా కాదు,
పోయింది, వచ్చింది.
అంత సందు చాలు,
గేరు ఊపిరి తీసుకోనీకి.

వేలితో తిప్పినా.
చప్పుడు లేకుండా తిరుగుతా పోయింది,
తొమ్మిది చుట్లు లెక్కపెట్టినా,
పదోది సగంలో నిలిచింది.
ఇరుసు మాత్రం
తనకేమీ తెలియనట్టు ఉండాది.

చీటీ వెనక్కిచ్చినా.
నూనె మరకలో తూకం అంకె కనపడకుండా పోయిందని
బండోడు గొడవకు దిగినాడు.
స్విచ్చి వేసే లోపల
వాణ్ని సముదాయించడమే కష్టమయింది.