తోక బరువు

టబుబిల్‌లో వాన కాసేపు ఆగింది.
షెడ్డు కాటా మీద పెట్టె: తొంభై ఆరు కిలోలు.
చెక్క ఎంతో, మనిషి ఎంతో,
కాగితంలో వేరే గడి లేదు.

పొడుగు పెట్టె, తోకవైపే పడుతుంది.
"నువ్వు ముందు, నా పక్కన" అన్నాడు పైలట్ జాబెజ్.
నలభై మూడని ఆమె తూకం రాసుకున్నాను.
డాబెనిప్ కదల్లేదు,
పెట్టె మీద చెయ్యి తియ్యలేదు.

కావడి మోసినవాళ్లకు చెప్పనక్కర్లేదు,
బరువెంతన్నది సగం మాటే,
భుజానికి ఎంత దూరాన వేలాడుతోందో మిగతా సగం.
ఉప్పు బస్తా ఒక్కటి తోకలోకి జారినా
ముక్కు ఆకాశానికెత్తి
విమానం ఎవరి మాటా వినదు.

జాబెజ్ చెవి మీది పెన్సిల్ తీశాడు.
మేకుల డబ్బా తన సీటు వెనక్కి.
ఉప్పు ఇంకా ముందుకి.
గుణించాడు. గీతకి అవతలే.
వెనకున్న రెండు బియ్యం బస్తాలు దించమన్నాడు.
మళ్లీ గుణించాడు.
ఈసారి ఇవతల,
వెంట్రుకవాసి.

పెట్టె పక్కనే కూర్చుందామె.
బెల్టు నేనే బిగించాను.

బస్తాలు షెడ్డులో ఉన్నాయి.
వచ్చే బుధవారందాకా
ఆ కొండ ఊరికి చిలగడదుంపలే.