ఒర

ముప్పయ్యొక్క ఏళ్లు ఆయన మాటకు నేను రాతను.
సర్దార్ మోహర్ సింగ్‌కు అక్షరమ్ముక్క రాదు.
నేను రాసిన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని
బాగుందని తలూపి
ఉంగరాన్ని సిరాలో అద్దేవాడు.
ఫార్సీలో నేనేం పెట్టినా అది ఆయన అన్నట్టే.
మున్షీ షరఫుద్దీన్ అబద్ధం రాయకపోవడానికి
దైవభయం కన్నా ఆ నమ్మకమే ఎక్కువ కారణం.

పుట్టింది చీనాబ్ ఒడ్డున, గుర్రాలు కడిగేవాళ్లింట.
పదమూడేళ్ల వయసులో, వరదలో కొట్టుకుపోతున్న ఫిరంగి బండిని
పగ్గం పళ్లతో బిగబట్టి ఒడ్డుకు ఈడ్చాడంటారు.
నేను చూళ్లేదు.
పైవరసలో పన్ను లేకపోవడం మాత్రం చూశాను.

లాహోరు దర్బారు పదకొండు ఊళ్లు రాసిచ్చింది,
పష్మీనా శాలువా, తలపాగాకు కల్గీ,
కూర్చోడానికో చోటు.
ఆ కూర్చోవడమొక్కటే ఆయనకు చేతకాలేదు.
తివాచీ మీద కాళ్లు కదుపుతూనే ఉండేవాడు
రికాబుల కోసం తడుముకుంటున్నట్టు.

హజారా కొండల్లో గెలిచిన రాత్రి
మంచు పడుతోంది. సిరా గడ్డకడుతోంది.
‘దర్బారుకు ఒక్క ముక్క చాలు, గెలిచామని.
మిగిలిన కాగితమంతా వీళ్ల తల్లులకు’ అన్నాడు.
దివిటీ తనే పట్టుకున్నాడు.
నా వేళ్లు కొయ్యబారితే
చెయ్యి లాక్కుని తన చంకలో పెట్టుకున్నాడు.
తెల్లారేసరికి నూట తొంభయ్యారు ఉత్తరాలు.
ఒక్కదాంట్లోనూ వీరుడనే మాట రాయనివ్వలేదు.
ఏ కూర ఇష్టంగా తినేవాడో రాయమన్నాడు,
ఏ గుర్రమంటే భయపడేవాడో.
తెలియని చోట,
‘నాకు తెలియదు, మన్నించు తల్లీ’ అని.

తగలబెట్టిన ఊరొకటి ఉంది.
ఆ హుకుమూ నా చేతిరాతే.
ఆ కాగితాన్ని తలకిందులుగా కూడా చూడలేదు,
ఉంగరం నొక్కేసి డేరా బయటికి పోయాడు.
దండంతా వినపడే ఆయన సాయంకాలపు ప్రార్థన
ఆరోజు వినపడలేదు.
మర్నాడూ వినపడలేదు.
పొగడడానికి కూచోలేదు గనక ఇదీ చెబుతున్నాను.

తర్వాత దర్బారు పోయింది. కంపెనీ వచ్చింది.
కత్తులు తెచ్చి కుప్పలో పడేయమన్నారు.
ముందు వరసలో నిలబడి తనది ఇచ్చేశాడు,
రొట్టె అందించినంత మామూలుగా.
వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక
నడుము ఒకవైపు తేలికై కాస్త తూలాడు.
గుమాస్తా చిట్టాలో ‘కత్తి, ఒకటి’ అని ఉంది.
ఒర ఊసు లేదు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
అసలు కత్తే లేని ఒరలో ఎన్ని ఇముడుతాయో
ఆ తొమ్మిదేళ్లలో చూశాను.
ఆవాల విత్తనాలు. మనవరాలు నిహాలో దాచుకున్న నెమలీకలు.
ఒక చలికాలం, ఐదు ఎలుకపిల్లలు.
పదకొండు ఊళ్లలో మిగిలింది ఒక్క ఊరు, ఒక్క కాలవ.
ఆ కాలవలో ఒర నిలబెట్టి నీళ్లు కొలిచేవాడు.
‘ఇత్తడి కట్టుదాకా ఎగువ పొలానికి.
అది దాటితే బూటా వాళ్లకి.’
పధ్నాలుగువందల గుర్రాల్ని మోహరించినవాడు
మోకాలిలోతు బురదలో నిలబడి
జానెడు నీళ్ల తగువు తీర్చి
ఇంటికొచ్చి ఆవురావురుమంటూ తినేవాడు.

పోయిన రోజున
చితి మీద ఒర కూడా పెడదామన్నారు కొడుకులు.
సర్దార్నీ ఖేమ్ కౌర్ దాన్ని చేతిలోంచి లాక్కుంది.
‘రేపు నీళ్ల వంతు ఎగువ పొలానిది.
దేంతో కొలుస్తారు?’
అంతవరకూ ఏడవనివాళ్లు అప్పుడు ఏడ్చారు.

ఈ కాగితం అడుగున ముద్ర లేదు.
తలకిందులుగా పట్టుకుని
బాగుందనేవాడు లేడు.
అందుకని నేనే మళ్లీ చదివాను.
రెండుచోట్ల కొట్టేశాను.