గాలి బొక్క

మొగిలి ఘాటు, మూడో మలుపు.
మళ్లీ అక్కడే ఆగింది ఫియట్టు,
ఏడ్చి అలిసిన బిడ్డలా రెండు వెక్కిళ్లు వెక్కి.

కార్బురేటరు కడిగించాను.
పంపు మార్పించాను, కాయిలు మార్పించాను.
చిత్తూరు గిరింపేటలో ఒకాయన
దిష్టని చెప్పి నిమ్మకాయలు కూడా కట్టాడు.
పావుగంట ఆగితే అదే లేచేది,
అలక తీరిన అత్తలా, ఏమీ జరగనట్టు.

ఈసారి బెల్లం లారీ ఆపి
జిలానీ సాబు దిగాడు.
బీడీ దూరంగా ఆర్పి వచ్చాడు.
బానెట్టు ముట్టుకోలేదు.
వెనక్కెళ్లి పెట్రోలు మూతకి చెవి ఆనించి
మెల్లగా తిప్పాడు.

హుస్స్...
బయటికి కాదు, లోపలికి.
బావిలో మునిగి తేలినవాడిలా
బండి గాలి పీల్చింది.

"కొత్త మూత ఏసినావా?"

బెంగుళూరులో కొన్నాను. తాళంతో సహా. తళతళలాడేది.
పాతదానికి గుండుసూదంత బొక్క ఉండేది.
చెడిపోయిందనుకుని
నేనే పారేశాను.

"నూనె డబ్బాకి రెండు పోట్లు
ఎందుకు పొడస్తారు సామీ?
నూనె పొయ్యేదానికి ఒకటి.
ఇంగొకటి దేనికి?"

జవాబు కోసం ఆగలేదు.
మైలురాయి మీద మూత బోర్లించి
సన్న మేకుతో ఒక్క దెబ్బ.
నా నాలుగు వందల తళతళకి చిల్లు.

పలమనేరు దాకా ఎక్కడా ఆగలేదు.
కిటికీలోంచి మామిడిపూత,
వెనకనించి సన్నగా పెట్రోలు వాసన.

డబ్బులిస్తే తీసుకోలేదు సాబు.
ఆ మేకు అడిగి తెచ్చుకున్నాను.
ప్రతి గుంతకీ డాష్‌బోర్డులో
గలగలమంటోంది.